వంశవృక్షమునకు యంత్రసాయము



నేటి నా ప్రసంగవిషయము వంశచరిత్ర. దానిని సేకరించుటలో ఈ నడుమ వచ్చిన కృత్రిమ మేధ, అనగా పిల్లలు ఏఐ యని పిలుచు యంత్రము, ఎంతవఱకు నమ్మదగినదో విచారింపదలచితిని. కోనసీమలో కొబ్బరితోటల నడుమ అరుగులమీద కూర్చుండి వినుచున్న పెద్దలకు ఇది మనకు సంబంధింపని విషయమని తోపవచ్చును. కాని మా పి.గన్నవరము మొదలు రాజోలు వఱకు పరదేశమున కొడుకో మనుమరాలో లేని వీధి యున్నదా? ఆ పిల్లలు పండుగనాడు ఫోను చేసి, "తాతగారూ, మన ముత్తాతగారి తండ్రి పేరేమి? మనవాళ్ళు ఏ యూరినుండి వచ్చి ఇక్కడ స్థిరపడినారు?" అని అడుగుచున్నారు. ఆలోచించి చెప్పుదము లెమ్మని మన మూరకున్నచో వారు అదే ప్రశ్నను యంత్రమునకు వేయుదురు. అది తడుముకొనదు, వెంటనే చెప్పును. చెప్పినదానిని అచ్చువేయించి, చట్రము కట్టించి గోడకు తగిలించుటయు జరుగుచున్నది. కావున ఇది మన విషయమే.

ముందుగా మనకు పూర్వమునుండి యున్న సాధనములను తలచుకొందము. తర్పణమున తండ్రి, తాత, ముత్తాతల పేర్లను గోత్రముతో చెప్పుదుము. వివాహమున ప్రవర చెప్పునపుడు ఫలానావారి మునిమనుమడు, ఫలానావారి మనుమడు, ఫలానావారి కుమారుడు అని సభలో వినిపింతురు. జ్ఞాపకము నిలుపుటకు పెద్దలు చేసిన గొప్ప యేర్పాటిది. కాని ఒక తరము గడచినప్పుడెల్ల పైనున్న పేరొకటి రాలిపోవుచుండును. ఇతర కులములకు వంశములు చెప్పువారే ప్రత్యేకముగా నుండిరి. గొల్లలకు మందెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు కులపురాణములతోపాటు గోత్రములను, ఇంటిపేర్లను పాడి వినిపించి, ధాన్యమో వస్త్రమో గైకొని పోవుచుండిరి. వారి సంతతివారిలో పెక్కురు ఆ వృత్తిని విడిచిరి. గయ, హరిద్వారము మొదలగు క్షేత్రములలోని పండాల వహీలు మఱియొక యాధారము. యాత్రకు పోయినవారు తమ యూరు, తమ తండ్రితాతల పేర్లు అందు వ్రాయించి వచ్చెడివారు. హరిద్వారపు వహీలను అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘమువారు సూక్ష్మచిత్రములుగా తీసి భద్రపఱచిరి.

ఇక కాగితములు. 1858లో చెన్నపురి ప్రభుత్వమువారు ఈనాము కమీషను నేర్పఱచి, గ్రామగ్రామమున ఈనాము భూములను విచారించిరి. ఆ రిజిస్టర్లలో భూమి నెవరిచ్చిరో, మొదట నెవరు పుచ్చుకొనిరో, విచారణనాటి అనుభవదారు లెవరో, వారి వయస్సెంతో, మొదటివానికి వారేమగుదురో వ్రాసియుండును. ఈనాము గల కుటుంబమునకు ఇంతకంటె మంచి వంశపత్రము దొరకదు. రిజిస్ట్రారు కచేరీలోని దస్తావేజులు, జనన మరణముల పట్టికలు, అడంగళ్ళు, పాఠశాలల ప్రవేశపట్టికలు తక్కినవి. కరణముల యిండ్లలో నుండిన లెక్కలు 1984లో ఆ యుద్యోగములు రద్దయిన తరువాత కొన్ని కచేరీలకు చేరినవి, కొన్ని అటకలమీద నిలిచినవి. 1986 ఆగస్టు వరదకును, 1996 నవంబరు 6వ తేదీ తుపానుకును మా సీమలో తడిసి ముద్దయిపోయిన పెట్టెల నెన్నింటినో నే నెఱుగుదును. మిగిలినవానిని చదువగల కన్నులు గూడ తగ్గిపోవుచున్నవి. యంత్రముయొక్క ప్రసక్తి ఇక్కడ వచ్చుచున్నది.

ఈ యంత్రమనగా నేమి? 2022 నవంబరులో చాట్‌జీపీటీ యను పేర నొకటి లోకమునకు వచ్చినది. జెమిని, క్లాడ్ మొదలగునవి దాని వెంట వచ్చినవి. లోకమున అచ్చుపడి కంప్యూటర్లలో నెక్కిన వ్రాతలను లెక్కకు మిక్కిలిగా చదివించి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుట సహజమో వీనికి అలవాటు చేసిరి. ప్రశ్న వేసినచో ఆ యలవాటు ననుసరించి మాట వెంట మాట పేర్చును. మన అవధానములలో సమస్య నిచ్చినప్పుడు అవధాని యేమి చేయును? ఛందస్సు తప్పకుండ, యతిప్రాసలు చెడకుండ పద్యమును పూరించును. పొందిక కుదిరినదా యని సభ చూచునే గాని, అందు చెప్పిన కథ నిజముగా జరిగినదా యని ఎవరును అడుగరు. యంత్రముయొక్క సమాధానము సమస్యాపూరణము వంటిది. పొందిక దాని స్వభావము. నిజము దానికి లభించిన సామగ్రినిబట్టి యుండును.

సామగ్రి యన్న మాటను మా యూరి యుదాహరణముతో వివరింతును. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1841 మొదలు 1909 వఱకు జీవించి, వచ్చినవారికెల్ల అన్నము పెట్టి కీర్తి వడసిన సంగతి మీరెఱుగుదురు. ఆమెను గూర్చి పుస్తకములు, వ్యాసములు కలవు. 2000 సంవత్సరమున వైనతేయమీద ప్రారంభమైన కొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టిరి. కావున ఆమెను గూర్చి అడిగినచో యంత్రము చాలవఱకు సరిగానే చెప్పును. అయితే, "ఆ యింట విస్తరి వేసి భోజనము చేసిన బాటసారులలో మా ముత్తాత యున్నాడట, ఆయన యెవరు?" అని యడుగుడు. దీనిని గూర్చి ఎవరును ఎక్కడను వ్రాయలేదు. అయినను తగినట్టుగా నొక పేరును, ఒక యూరును, ఒక సంవత్సరమును కూర్చి చెప్పవచ్చును. పాత అక్విడక్టునకు రాళ్ళు మోసినవారిని గూర్చి అడిగినను అంతే. ఇంజనీరుల పేర్లు గ్రంథములలో నున్నవి. కూలీల పేర్లు లేవు. గ్రంథములు మౌనము వహించినచోటనే యంత్రము కల్పనకు దిగును. సామాన్యుని వంశచరిత్రమంతయు అట్టి మౌనములోనే గదా యున్నది!

నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలయును. అనగా విషయము నెఱిగినవాడును, ఉన్నదున్నట్లు చెప్పగోరువాడును కావలయును. యంత్రమునకు మీ ముత్తాత నెఱుగుట లేదు. చెప్పగోరుట యన్న మాటకు తావే లేదు. కావున అది సాక్షి కాదు. సాక్షి కానంతమాత్రమున పనికిరానిది కాదు. కండ్లజోడు సాక్షి కాదు. అయినను సాక్ష్యపు కాగితమును చదువుటకు కండ్లజోడు కావలయును. యంత్రమును కండ్లజోడుగా వాడుకొన్నవాడు బాగుపడును. దానిని సాక్షిగా బోనెక్కించినవాడు చెడును.

దీనికి చదువుపని యెట్లు పురమాయింపవలయునో చెప్పెదను. పాత దస్తావేజులు పెక్కు గొలుసుకట్టు వ్రాతలో నుండును. కలము నెత్తక పదమునకు పదము ముడివేసి వ్రాసిన కరణపు వ్రాతను నేటి పిల్లలు చూచి అరబ్బీ యనుకొందురు. కాగితమును ఎండ సూటిగా పడని వెలుతురున, క్రింద నల్లని గుడ్డ పఱచి, మడతలు చేతితో సాపుచేసి, నిట్టనిలువుగా పైనుండి ఫొటో తీయవలయును. యంత్రమునకు చూపి, "పంక్తికి పంక్తిగా ఉన్నదున్నట్లు చదువుము. తెలియని యక్షరమువద్ద చుక్కలు పెట్టుము. ఊహింపకుము. భావము వ్రాయకుము" అని స్పష్టముగా ఆజ్ఞాపింపవలయును. మీరు ఏ పేరు కోరుచున్నారో ముందుగా చెప్పకూడదు. చెప్పినచో ఆ పేరు కాగితమున లేకున్నను దానికి కనబడును! కొంతసేపటికి మఱల క్రొత్తగా సంభాషణ మారంభించి అదే ఫొటో చూపుడు. రెండు పాఠములు భేదించినచోట వ్రేలు పెట్టి మీరే చూచుకొనుడు.

మా పొరుగువారొకరు అటకమీది పెట్టెలోనుండి పాత పారీఖత్తు నొకదానిని తెచ్చిరి. వారి మనుమడు దానిని యంత్రముచేత చదివించెను. అచ్చుకాగితమువలె సాఫీగా వచ్చినది. సరిహద్దులు, కొబ్బరిచెట్ల లెక్క, సాక్షుల వ్రాళ్ళు అన్నియు బాగుగనే యున్నవి. కాని పై పంక్తిలో 'పౌత్రుడు' అనుచోట 'పుత్రుడు' అని చదివినది. ఔత్వ మొకటి ఉత్వమగుటతో నడుమ నొక మనుష్యుడు మాయమయ్యెను! తాత పేరే మనుమనికి పెట్టు ఆచారము మనకున్నది గనుక పేర్లనుబట్టి ఈ లోపము బయటపడదు. ఆ యింటి పెద్దాయన కాగితమును కిటికీవద్దకు తీసికొనిపోయి కంటికి దగ్గఱగా పెట్టుకొని చదివి పట్టుకొనెను. పుత్ర, పౌత్ర, దౌహిత్ర శబ్దములున్నచోట మీరును అట్లే చేయుడు.

ఐరోపా దేశముల పాత చేతివ్రాతలను ట్రాన్స్‌క్రిబస్ మొదలగు యంత్రములు చక్కగా చదువుచున్నవి. ఫామిలీసెర్చి యను సంస్థవారు 2024లో అమెరికా భూమి పత్రములను, మెక్సికో నోటరీ పత్రములను యంత్రముచేత చదివించి, ఏ పేరు కావలసినను వెదకుకొను సౌకర్యమును కల్పించిరి. అచ్చట మనుష్యులు ముందుగా వేలకొలది పుటలు చదివి, సరియైన పాఠమును ప్రక్కన వ్రాసి యంత్రమునకు నేర్పిరి. మన గొలుసుకట్టునకు అట్టి శిక్షణ యింకను చాలినంత జరుగలేదు. నేర్పగలవారు ఆ వ్రాతను చదువగల వృద్ధులే. మీలో ఎవరికైన ఆ విద్య యున్నచో మీ యింటి పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్కొక పుటకు ప్రతిపుటగా శుద్ధముగా వ్రాయింపుడు. ఆ జంటపుటలు మీ వంశమునకే కాక ముందు రాబోవు యంత్రములకును పాఠ్యపుస్తకము లగును.

సంవత్సరముల విషయమున యంత్రము మిక్కిలి తడబడును. మన ప్రభవాదులు అరువది యేండ్ల కొకమారు తిరిగి వచ్చునవి. ధాత యనగా 1876 కావచ్చును, 1936 కావచ్చును, 1996 కావచ్చును. "ధాతలో మావాళ్ళు మెట్టసీమనుండి వచ్చినారు" అని మామ్మగారు చెప్పిన మాటను యంత్రమునకు ఇచ్చినచో దగ్గఱనున్న 1936 అని తేల్చివేయవచ్చును. కాని, "కఱవులో వచ్చినారు" అన్న మాట గూడ ఆమె యన్నచో అది 1876నాటి ధాత కఱవు. 1852 నాటికే ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై నీరందిన సీమకు ఎండిన సీమలవారు తరలివచ్చుట సహజమే గదా! అట్లే సర్కారు లెక్కలలోని ఫసలీ సంవత్సరమును క్రీస్తు సంవత్సరముగా భ్రమించుట గలదు. ఫసలీకి 590 కలుపవలయును. 1300 ఫసలీ యనగా 1890 జూలై మొదలు 1891 జూన్ వఱకు. కుంచము విషయమును ఇట్టిదే. యంత్రమునకు కుంచమనగా ధాన్యపు కొలత. మా వైపున పది సెంట్ల భూమిని గూడ కుంచమందుము.

ఇక నాకు మిక్కిలి ఇష్టమైన పరీక్ష యొకటి చెప్పెదను. సంవత్సరము మఱచిన యింటనైనను తిథిని మఱువరు; ఏటేట ఆబ్దికము పెట్టవలయును గనుక. "మా మామగారు పోయినది మార్గశిర బహుళ ద్వాదశి" అని వృద్ధురాలు తడుముకొనక చెప్పును. ఏ సంవత్సరమన్నచో చెప్పలేదు. జనన మరణముల పట్టికలో అదే పేరుగల వాని మరణము ఇంగ్లీషు తేదీతో దొరికినదనుకొనుడు. ఆ తేదీనాడు ఏ తిథియో గణించి చూడుడు. మార్గశిర బహుళ ద్వాదశియే యైనచో ఆ మనుష్యుడు మీవాడే యనుటకు గట్టి యాధారము దొరికినది. కాకతాళీయముగా మాసమును, తిథియును రెండును కలియుట అరుదు. ఒక్క దినము అటునిటు అయినను కంగారు పడనక్కఱలేదు. రాత్రివేళ పోయినవారి విషయమున తిథికిని తేదీకిని పొత్తు కుదరకపోవచ్చును. కొన్నిచోట్ల మరణదినమునకు బదులు కబురు వ్రాసికొన్న దినము ఎక్కియుండును. ఈ గణనము మాత్రము మాటలు పేర్చు యంత్రము నడుగరాదు. అది తిథిని గూడ నొక మాటగానే పేర్చును. పంచాంగగణితమునకు వేరుగా కట్టిన కంప్యూటరు లెక్కలు కలవు, లేదా మన సిద్ధాంతిగా రున్నారు.

ఊళ్ళ పేర్లు మఱియొక చిక్కు. గన్నవరమన్నచో యంత్రము విజయవాడ ప్రక్కనున్న విమానాశ్రయపు గన్నవరమునకు పరుగెత్తును. మనకు పి.గన్నవర మున్నది, లంకల గన్నవర మున్నది. కొత్తపేటలు ఎన్ని యున్నవో లెక్కలేదు. దీనికి తోడు జిల్లాలు మాఱినవి. 1859 వఱకు మనది రాజమహేంద్రవరపు జిల్లా. పిమ్మట గోదావరి జిల్లా. 1925లో తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ నుండి కోనసీమ జిల్లా. రాజోలు తాలూకా ఒకప్పుడు నగరము తాలూకా. కాగితము మీది జిల్లాపేరు కాగితము పుట్టిన కాలమును తెలుపును. కాలము తెలిసినచో ఏ కచేరీలో వెదకవలయునో తెలియును.

సముద్రము దాటినవారి సంతతి వెదకులాటలో యంత్రము నిజముగా సాయపడునని నా యభిప్రాయము. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి ట్రూరో యను ఓడ డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వఱకు నేటాలునకు ఒప్పందపు కూలీలుగా లక్షన్నరకు పైగా హిందూదేశీయులు పోయిరి. వారిలో మన తెలుగువా రనేకులు. ఫిజీకి 1903 నుండి చెన్నపట్టణపు ఓడలు పోయినవి. మారిషసునకు అంతకు పూర్వమే పోయిరి. వారి రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నున్నవి. ఈ ప్రయాణపు చీట్లపై కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసియుండును. ఒంటిమీది మచ్చలను గూడ కొన్నిట వ్రాసిరి. అయితే గుమాస్తా తెలుగెఱుగనివాడు. చెవికి వినబడినది ఇంగ్లీషున గిలికెను. అమలాపురము అమ్మలాపూరయ్యెను, చిన్న గ్రామముల గతి చెప్పనక్కఱలేదు. ఇట్టి వికృతరూపము నిచ్చి, "ఈ తాలూకాలో దీనికి సరిపడు గ్రామములు ఏవేవి కావచ్చునో పట్టీ వ్రాయుము" అని యంత్రము నడిగినచో పదో పదునైదో పేర్లు వ్రాసియిచ్చును. వానిలో లేని గ్రామములు కొన్ని యుండును. వానిని మీరు నవ్వుచు కొట్టివేయుదురు. మిగిలినవానిలో ఆ యింటిపేరు ఏ యూర నున్నదో చెప్పగలిగినది ఆ యూరి వృద్ధుడే. డర్బనునుండియో ఫిజీనుండియో ఎవరైన అట్టి జాబు వ్రాసినచో చెత్తబుట్టలో వేయకుడు. కాకినాడ, కోరంగి రేవులనుండి బర్మాకు పోయినవారికి మాత్రము ఇట్టి చీట్లు లేవు. వారు మేస్త్రీల వెంట పోయినవారు. మేస్త్రీ లెక్క మేస్త్రీతోనే పోయినది. రంగూనుకు పోయి తిరిగిరాని పెద్దతాతను గూర్చి యంత్రము కథ చెప్పినచో అది కథయే.

ఈ జాగ్రత్తలన్నియు దేనికని మీరడుగవచ్చును. మా సీమలోనే జరిగిన సంగతి యొకటి పేర్లు విడిచి చెప్పుచున్నాను. ఒక సంబంధము నిశ్చయము కావచ్చినది. ఇంటిపేర్లు వేఱు, గోత్రములు వేఱు. వరుని యన్నగారు ఇంటిలోని పాత పత్రములనన్నిటిని ఫొటోలు తీసి యంత్రమునకిచ్చి, అయిదు తరముల వంశవృక్షమును అందముగా వేయించెను. పెండ్లిచూపులనాడు దానిని అందఱకును చూపిరి. వధువుయొక్క మామ్మగారు ఎనుబది దాటిన మనిషి. పేర్లను చదివించుకొని వినుచు ఒకచోట ఆపి, "ఈయన ఆ యింట పుట్టినవాడు కాడే! మా మామగారి తమ్ముడు. పసితనమున దత్తత ఇచ్చినారు" అన్నది. అందఱును నిర్ఘాంతపోయిరి. నన్ను పిలిపించి కాగితములు చదువుమనిరి. దత్తపత్రము ఆ ఫొటోలలోనే యున్నది! యంత్రము దానిని ఇంగ్లీషులోనికి మార్చునపుడు 'దత్తము' అను మాటను దానమని గ్రహించి, ఏదో భూమి దానపత్రమని వ్రాసి ప్రక్కకు నెట్టినది. లెక్క చూడగా వధూవరుల ముత్తాతలు ఇరువురును తోబుట్టువులు. దత్తుడు పోయినవానికి గోత్రము మాఱును గాని పుట్టిన యింటి సాపిండ్యము పోదు. మన ధర్మశాస్త్రముల మాట అట్లుంచి, 1955 నాటి హిందూ వివాహ చట్టము తండ్రి వైపున అయిదు తరముల లోపల నిషేధించుచున్నది. జన్మకుటుంబమున చేసికొనరాని వివాహము దత్తత పోయినను చేసికొనరాదని 1956 నాటి దత్తత చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. సంబంధము విరమించుకొనిరి. ఆ మామ్మగారు ఆ పూట పొరుగూరు పోయియున్నచో ఏమగునో ఊహింపుడు.

యంత్రమునకు మఱియొక గుణమున్నది: ముఖస్తుతి. "మేము విజయనగర రాజుల మంత్రుల సంతతివారమని విన్నాము" అని మీరు ముందుగా పలికినచో, అది కావచ్చునని వంత పాడి, రెండు మూడు హేతువులు గూడ కల్పించును. వెనుకటి భట్టులును ఇట్లే పొగడిరి; కాని వారికి శాలువ ఇయ్యవలసి వచ్చెడిది. వంశము గొప్పదని విన్నప్పుడు, "దీనికి విరుద్ధమైన యాధారములేవి?" అని అడుగుట మంచిది. అప్పుడు యంత్రము అటువైపు వాదమును గూడ వినిపించును.

ఫొటోల విషయము కొంచెము చెప్పి ముందునకు పోయెదను. పాత నలుపు తెలుపు ఫొటోలకు రంగులద్దు యంత్రములు, చిత్రములోనివారు కండ్లార్పునట్లు చేయు యంత్రములు 2021 ప్రాంతమునుండి విరివిగా వచ్చినవి. మా బంధువుల యింట నొక ముత్తవ్వగారి ఫొటోకు రంగు వేయించిరి. ఆమె చిన్ననాటనే భర్తను గోల్పోయి, జీవితమంతయు తెల్లచీరతో గడపిన మనిషి. యంత్రము ఆమెకు ఎఱ్ఱంచు పచ్చచీర కట్టి, నొసట కుంకుమ పెట్టినది. పిల్లలు ముచ్చటపడిరి, ఆమె కూతురు మాత్రము ఆ గదిలో నుండలేక లేచిపోయినది. ఏది మంచిదని నేను తీర్పు చెప్పబోను. అట్టి చిత్రము వెనుక 'రంగులు యంత్రము వేసినవి' అని వ్రాసి, అసలు ఫొటోను దానితో కలిపి యుంచుట మాత్రము తప్పనిసరి. లేకున్న రెండు తరముల తరువాత అదే సాక్ష్యమగును.

ఈనాములు, పారీఖత్తులు భూమి గలవారి సాధనములు. భూమి లేనివారి పూర్వుల నెక్కడ వెదకవలయును? నా వృత్తినిబట్టి చెప్పుచున్నాను: బడిలోని ప్రవేశపట్టిక మొదట చూడవలయును. పాలేరు కొడుకైనను బడిలో చేరిననాడు పేరు, తండ్రి పేరు, ఊరు, కులము అందెక్కినవి. అందలి పుట్టిన తేదీని మాత్రము నమ్మకుడు. తండ్రి చెప్పలేనప్పుడు మా వృత్తివారు పిల్లవాని యెత్తు చూచి, చేతిని తలమీదుగా చెవికి అందించుమని, జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వ్రాసెడివారు. ఒకే తరగతిలో సగముమంది జూలై 1న పుట్టియుండుట చూచినచో సంగతి తెలియును. యంత్రమునకు ఈ గుట్టు తెలియదు. దానికి వ్రాసిన తేదీయే తేదీ.

జీవించియున్నవారి వివరములను యంత్రమునకు విచ్చలవిడిగా ఇయ్యరాదు. ఆధారు సంఖ్యలు, బ్యాంకు కాగితములు, తెగని దావాల పత్రములు, ఎవరి యింటనో దాచుకొన్న దత్తతలు, రెండవ పెండ్లిండ్లు వంటివి దానికి చూపినచో అవి ఎవరి కంప్యూటరుకు చేరునో మనకు తెలియదు. పరలోకమున నున్నవారి పేర్లతో పని గడుపుకొనుడు. వ్రాసికొన్న ప్రతి పేరునకు ప్రక్కన అది ఏ కాగితమునుండి వచ్చినదో, ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో వ్రాయుడు. యంత్రము చెప్పినదైనచో 'యంత్రోక్తము' అని వ్రాయుడు. ఆధారము దొరికినప్పుడు ఆ మాట కొట్టివేయవచ్చును.

ఇంతసేపును నేను చెప్పిన కాగితములలో ఒక లోపమున్నది. అన్నిటను మగవారే. ఈనాము రిజిస్టరులో భార్య పేరుండదు. దస్తావేజులో ఆమె ఫలానావాని పెండ్లాము. తర్పణమున తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు చెప్పుదుము గాని వారి పుట్టినింటి యింటిపేరు చెప్పము. యంత్రము తనంతట ఈ ఖాళీని నింపలేదు. నింపమన్నచో ఏ లక్ష్మమ్మనో సీతమ్మనో కూర్చోబెట్టును. కావున ఫోనులో మాటలను పట్టు మీటను నొక్కి, ఇంటిలోని వృద్ధురాలిముందు పెట్టి, "అమ్మమ్మా, మీ అమ్మ పుట్టిల్లు ఏ యూరు? ఆ యింటిపేరేమి? ఆమె యెన్నవ కాన్పున పోయినది? మీ మేనమామ లెవరు?" అని ఒక్కొక ప్రశ్నయే మెల్లగా అడుగుడు. ఆమె పొలములోనికి, పశువులలోనికి, పెండ్లివంటలలోనికి పోయినను అడ్డు తగులకుడు. పేర్లు ఆ దారినే బయటపడును. ఆ మాటలను కాగితముమీదికి దింపుటకు యంత్రము బాగుగనే యుపయోగపడును. దింపినదానిని ఆమెకు మఱల చదివి వినిపింపుడు. యాసవలన తప్పుపడిన పేర్లను ఆమెయే దిద్దును. ఈ పని వచ్చు సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చిననాడు, భోజనములైన తరువాత, ఆమె కునుకు తీసి లేచినపిమ్మట మొదలుపెట్టవచ్చును.